ఊడల గౌరికి నీరు దాచిన ఓబుళమ్మ కథ

అక్షతలు చేతబట్టి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని వినుడు.

పూర్వము వాన లేని సీమయందు తిరిగి తిరిగి కాళ్లు బొబ్బలెక్కిన దర్భక మహాముని, హలాయన మహర్షి ఆశ్రమమునకు వచ్చి నీడన చతికిలబడెను. కొంత తేరుకొని, చేలు పచ్చగానే ఉన్నవనియు, గాదెలు మాత్రము ఖాళీగా ఉన్నవనియు, విత్తినవారికి నిలుచు ఓపికయు లేదనియు చెప్పి, దీనికేదైన వ్రతము కలదా అని అడిగెను. హలాయనుడు నిట్టూర్చి ఇట్లు చెప్పెను.

ఎర్రనేలల ఊరొకదానిలో సంజన్న అను రైతు, అతని భార్య ఓబుళమ్మ ఉండిరి. వారికి ఒక వేరుశనగ చేను, ఒక బావి, కపిలె తోలి నీరు తోడుటకు రెండెద్దులు కలవు. బావిలో చేనికి ఒక్క తడికి చాలు నీరే ఉండెను. ఆ యేడు తొలకరి తడికి విత్తిన ఇరువది దినములకే ఆకులు ఎండకు ముడుచుకొనెను. పక్కచేని హనుమక్క గట్టున నిలిచి, "ఏమప్పా సంజన్నా, నీ సేను అందరికీ నమస్కారం పెడ్తాండాదే! నీళ్లు పెట్టే దిక్కు ల్యాకనా?" అనెను. సంజన్న రోషపడి, బావి అడుగంటువరకు కపిలె తోలెను. చేను నవనవలాడెను. ఓబుళమ్మ మురిసిపోయి, తొలి పసుపుపూవును తలలో తురుముకొనెను.

పిదప పూవులనుండి ఊడలు దిగెను. అప్పటికి బావిలో బురదయే మిగిలెను. నేల పెంకువలె గట్టిపడెను. మట్టిలో దిగి కాయ కావలసిన ఊడలు మన్ను చొరలేక గాలిలోనే ఎండెను. పీకిన చెట్టునకెల్ల గింజలేని లొట్టకాయలే. మరుసటి యేడును అట్లే చేసిరి, అట్లే చెడిరి. మూడవ యేట ఒక్క మూట విత్తనమే మిగిలెను. అదియు పోయినచో ఊరు విడిచి వలస పోవలెనని నిశ్చయించిరి.

విత్తుటకు ముందునాడు ఒక ముసలమ్మ వచ్చి అరుగుపై కూలబడెను. ఓబుళమ్మ మజ్జిగ ఇచ్చి, "యాన్నించి వస్తాండావవ్వా?" అని అడిగెను.

"అన్ని సేలూ తిరిగొస్తాండా తల్లీ. అందరూ నన్ను పచ్చగుండాల, పచ్చగుండాల అంటారు. కడుపుతో ఉన్నెప్పుడు గుక్కెడు నీళ్లు పోసేవాళ్లు ల్యారు. సాలైపోయింది నాకు."

ఇట్లని, విత్తిన దినమున కపిలె మోకునకు పసుపుదారము కట్టవలెననియు, తొలి ఊడ నేలను తాకువరకు దానిని విప్పరాదనియు, విప్పిననాడు చలిమిడి నైవేద్యము పెట్టి చేనంతయు తడపవలెననియు చెప్పి, మజ్జిగ త్రాగి, కనుమరుగయ్యెను. ఆమె ఊడల గౌరియే.

ఓబుళమ్మ దారము కట్టెను. మరల ఆకులు ముడుచుకొనెను, మరల హనుమక్క నవ్వెను. సంజన్న ఎద్దులను తోలుకొని రాగా, ఓబుళమ్మ మోకుపై కూర్చుండెను.

"లెయ్, సచ్చిపోతాండాయి."

"సావవు. ఏర్లు నీళ్లెతుక్కుంటా కిందికి పోతాండాయి. పొద్దున్నే ఇప్పుకుంటాయి, సూడు."

"ఇప్పుకోకపోతే?"

"మూట నెత్తిన పెట్టుకొని నేనే ముందు నడుస్తా."

నాటినుండి వారు ప్రతి ఉదయము చేనికి పోయి ఆకులను చూచిరి. విచ్చుకొనెను. ఒకనాడు సగమే విచ్చుకొనెను; ఆనాడు సంజన్నకు ముద్ద దిగలేదు. పండ్రెండవ నాడు తొలి ఊడ నేలను తాకెను. ఓబుళమ్మ దారము విప్పి చలిమిడి నైవేద్యము పెట్టగా, సంజన్న దినమెల్ల కపిలె తోలెను. మన్ను మెత్తబడెను, ఊడలు దిగెను.

ఆ యేడును తొలకరి పిదప వాన రాలేదు. పంట సగమే పండెను. కాని కాయలు నిండుగా ఉండెను. విత్తనము తీసి దాచి, మిగిలినది తినిరి. వలస మాట మానిరి. హనుమక్క వచ్చి, "ఆ దారం యాడ కొన్న్యావమ్మీ?" అనెను. "అంగట్లోదే అక్కా. కట్టేది సులువే, ఇప్పకుండా ఉండేదే కష్టం" అని ఓబుళమ్మ చెప్పెను.

కావున దర్భకా, ఈ వ్రతము వానను తేదు. ఉన్న నీటికి వేళ చెప్పును. ఒక్క బావిని నమ్మినవారు, మెట్టచేను దున్నువారు, కొత్తగా కాపురము పెట్టినవారు దీనిని చేయవలెను. విన్నవారి కాయలో గింజ నిండును. చెప్పినవారికి విత్తనము మిగులును. చేసినవారు తమ ఇంటనే పండుకొని నిదురింతురు.

అక్షతలు వేసి, ఈ ఇంట చూలాలున్నచో ముందు ఆమెకు నీళ్లిచ్చి, తరువాత ప్రసాదము తినుడు.