సగంలో ఆగిన చాలు

పూర్వం గౌతమీ తీరాన శాలివనమనే రాజ్యాన్ని పృథుసేనుడనే మహారాజు ధర్మం తప్పక పాలిస్తుండేవాడు. ఆ దేశంలో తరతరాలుగా ఒక కట్టడి ఉంది. ఏరువాక పున్నమి నాడు రాజు చెప్పులు విడిచి, తన చేత్తో నాగలి మేడి పట్టి, రాచపొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మొదటి చాలు దున్నాలి. ఆ చాలు పూర్తయితేనే మేఘాధిపతియైన పర్జన్యుడు వాన వదులుతాడు. ఆ వాన పడితేనే ప్రజలు విత్తనం చల్లుతారు.

పృథుసేనుడు అతిథిని దేవుడిలా కొలిచేవాడు. ఏ గుడి నుంచి ప్రసాదం వచ్చినా కాదనేవాడు కాదు. అతిథి ఎవరు వచ్చినా, అంతకుముందే తాను భోంచేసి ఉన్నా, వారి పక్కన మళ్లీ విస్తరి వేయించుకునేవాడు. వీధి చివరికి వెళ్లాలన్నా పల్లకి ఎక్కేవాడు. అలా ఏళ్లు గడిచేసరికి, సింహాసనం మీద నుంచి లేవడానికి ఇద్దరు చేయి అందించవలసి వచ్చేది.

ఆ ఏడు ఏరువాక నాడు నల్లని మేఘాలు ఏనుగుల మందలా వచ్చి రాచపొలం మీద నిలిచాయి. రైతులు ఒడిలో విత్తనాలు పోసుకొని గట్ల మీద నిలబడ్డారు. రాజు మేడి పట్టి, పొలం సగానికి వచ్చేసరికి ఊపిరి అందక, మోకాళ్లు మడతపడి, చాలులోనే కూలబడ్డాడు.

పైన మేఘమూ ఆగిపోయింది. ఉరమలేదు, మెరవలేదు. చెట్టు మీద ఆకు కదలలేదు. ఆ నిశ్శబ్దానికి ఎద్దులు సైతం తల దించుకున్నాయి.

రాజు ఔదుంబర మహర్షి ఆశ్రమానికి వెళ్లి పాదాల మీద పడ్డాడు.

"తపోధనా! నా దేహం బరువు నా ప్రజల పస్తులు కాకూడదు. దారి చూపండి."

"రాజా! పుబ్బ కార్తె వెళ్లేదాకా ఆ మేఘాన్ని నా తపస్సుతో ఆపగలను. ఆ పైన అది సముద్రానికి మరలిపోతుంది. ఈలోగా నీవు బరువు దించుకొని ఆ చాలు పూర్తి చెయ్యాలి. అన్నం తగ్గించి ఫలహారం పుచ్చుకో. నిత్యం నా అగ్నిగుండానికి ప్రదక్షిణ చెయ్యి" అన్నాడు మహర్షి.

రాజు ఆ మాటను శిరసావహించాడు. అయితే ఆ దేశంలో ఫలహారమంటే అన్నం కానిదేదైనా ఫలహారమే. వంటశాలలో గారెలు వేగాయి, సున్నుండలు చుట్టారు, మినపరొట్టె మీద నెయ్యి జారింది. రాజు ఒక్క మెతుకు ముట్టలేదు. ప్రదక్షిణ కూడా ఒక్కనాడూ తప్పలేదు, పల్లకిలో.

వానలు లేక చెరువులు అడుగంటుతుండగా, ఒకనాడు పల్లకి బోయీలు గుండం చుట్టూ తిరుగుతూ గుసగుసలాడుకున్నారు.

"ఒరే సింగా, ఈ పుణ్యం కూర్చున్నోడిదా, మోసేటోడిదా?"

"ఎవడిదో నాకు తెల్వదు గానీ అన్నా, నీ బొజ్జ కరిగిపోయిందిరో! వదిన గుర్తుపడతదా?"

పక్కనే నడుస్తున్న మహారాణి ఇందుకళాదేవి ఆ మాట విని మహర్షికి నమస్కరించి, "స్వామీ, ప్రభువులు పూటపూటా ఫలహారం చేస్తూనే ఉన్నారు. అందులో ఫలం మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు" అంది.

మహర్షికి విషయం తెలిసిపోయింది. కోపగించకుండా, "రాజా, కళ్లు మూసుకొని లోపలికి చూడు" అని ఆయన తల మీద చేయి ఉంచాడు.

రాజుకు తన ఉదరం ఒక మహా యజ్ఞశాలగా కనిపించింది. దాని నడుమ, సమస్త ప్రాణుల్లో ఉండి అన్నాన్ని పచనం చేసే వైశ్వానరుడు, లోకాలను దహించగల ఆ అగ్నిదేవుడు, కొండలా పేరుకున్న తిండి కింద చిన్న నిప్పుకణికలా మినుకుమంటున్నాడు. వాకిట్లో వాయుదేవుడు లోపలికి దారిలేక నిలబడి ఉన్నాడు. రాజుకు ఒళ్లు గగుర్పొడిచింది.

"దేవా! ఇంత కాలం నా లోపల ఉన్నది నీవా? నిన్నేనా నేను ఇలా కప్పేశాను? నేటి నుంచి తిండే మానేస్తాను!"

"మానితే నీ కండను తిని బతుకుతాను. అదీ నాకు అపచారమే" అన్నాడు అగ్ని. "పండు పెట్టు, ఆకుకూర పెట్టు, జొన్నంబలి పెట్టు, కాని కొద్దిగా పెట్టు. నీ నోట నేను ఎన్నడూ వినని మాట ఒకటుంది రాజా. విస్తరి ముందు ఆ మాట అనగలిగిననాడు పొలంలోనూ అది పూర్తవుతుంది."

"ఏమిటా మాట?"

"చాలు."



అప్పుడు వాయువు, "నన్ను వాయుసఖుడైన ఈ అగ్ని దగ్గరికి చేర్చేది నీ పాదాలే. బోయీల పాదాలు వారి అగ్నినే రగిలిస్తాయి. అయితే ఒకటి విను. నీవు పొద్దంతా నడిచి నాచేత కరిగించినదాన్ని ఒక్క గిన్నెడు పరమాన్నం మళ్లీ నింపేస్తుంది. మా ఇద్దరిలో ఒకరిని పిలిచి ఒకరిని వదిలితే పని జరగదు" అన్నాడు.

రాజు కళ్లు తెరిచి పల్లకి దిగాడు. మొదట గుండాన్ని ఒక చుట్టు తిరగడానికే రాణి భుజం పట్టుకోవలసి వచ్చింది. భోజనం ముందు కూర్చున్నప్పుడు చేయి తనంతట తాను ముందుకు పోయేది. "చాలు" అన్న మాట నోట వచ్చేది కాదు. ఒకనాడు ఓడిపోయి మళ్లీ గారెలు తెప్పించుకున్నాడు. రాణి మందలించలేదు. "రేపు పొద్దున గుండం దగ్గర ఉంటాను, రండి" అని మాత్రం అంది. ఆయన వెళ్లాడు. కొన్నాళ్లకు ఒక పూట విస్తరి ముందు చేయి వెనక్కి తీసుకొని "చాలు" అన్నాడు. మెల్లగా ఊపిరి పొడుగైంది, మోకాలి నొప్పి సడలింది.

పుబ్బ కార్తె చివరి రోజున మేఘం అంచులు సముద్రం వైపు కదలసాగాయి. పృథుసేనుడు ఇంకా భారీ మనిషే. అయినా తనంతట తాను నడిచి వచ్చి, ఆగిపోయిన చోట మేడి పట్టాడు. ఎద్దులు కదిలాయి. చెమట కాళ్ల దాకా కారింది. అవతలి గట్టుకు కర్రు తగిలిన మరుక్షణం దిక్కులు దద్దరిల్లేలా ఉరిమి, ఆకాశం విడిపోయి, వాన కుండపోతగా కురిసింది. ఆ మెరుపులో అగ్ని, ఆ గాలిలో వాయువు ప్రత్యక్షమై, "వరం కోరుకో" అన్నారు.

రాజు బురదలో సాష్టాంగపడి, "నా ప్రజల విస్తళ్లలో ఏనాడూ కొరత వద్దు. ఎవరికి ఎంత చాలో వారి అగ్నే వారికి చెప్పాలి" అని కోరాడు.

"తథాస్తు" అన్నారు దేవతలు.

గట్ల మీద రైతులు విత్తనాలు చల్లుతూ పొలాల్లోకి దిగారు. రాజు లేచి ఎద్దులను వెనక్కి తిప్పి, ఎవరూ అడగని రెండో చాలు మొదలుపెట్టాడు.

ఈ కథను భక్తితో విన్నవారి జఠరంలో అగ్ని మందగించకుండు గాక. వారి అడుగులో వాయువు ఆగకుండు గాక.