ఐదు తాళాల తలుపు

వీరవరం కోట తలుపుకి ఐదు తాళాలు. ఐదు పేటల పెద్దలూ తలో తాళంచెవితో వస్తేగానీ పొద్దున తలుపు తెరుచుకోదు. ఊరి శాసనం అది. రాజధాని నుంచి రాజు వచ్చినప్పుడు దాన్ని మార్చమన్నాడు కోట అధికారి భీమదండుడు.

"ఒకే తాళం చాలు ప్రభూ, అది నా దగ్గరుంటుంది. పనులు చకచకా సాగుతాయి."

కాదన్న ఒక పేట పెద్దాయన్ని ముందురోజే చెరలో వేయించాడు. మిగతావాళ్లు నోరెత్తలేదు.

"పాలమ్మే ఈ నూకాలునే అడగండి, రోజూ తలుపు బయట ఎంతసేపు పడిగాపులు కాస్తుందో" అన్నాడు, ఆమె వైపు గుడ్లురుముతూ.

నూకాలు చేతులు జోడించింది. "నిజమే మహాప్రభో, ఒక్కోసారి పాలు విరిగిపోతాయి. కానీ రాత్రిపూట తలుపు తీయాలంటే రాజధాని నుంచి మీ ముద్ర రావాలి. దానికి ఇంకా ఆలస్యం. అదీ తీసేయండి. అప్పుడు అధికారిగారు ఎవరికి కావాలంటే వాళ్లకి, ఎప్పుడంటే అప్పుడు తలుపు తీస్తారు."

రాజు చూపు అధికారి మీద నిలిచింది.

"అయ్యో, వద్దు ప్రభూ!" అన్నాడు అధికారి గాభరాగా. "మీ ముద్ర ఉండాల్సిందే. కోట తలుపు ఒక్కడి చేతిలో పెడితే..."

"చెప్పు, పెడితే?" అన్నాడు రాజు.

అధికారి తన మాట వెనక్కి తీసుకున్నాడు. శాసనం అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి పెద్దాయన చెర నుంచి ఇల్లు చేరాడు.

మర్నాడు తాళంచెవితో అందరికన్నా ఆఖరున, ఆవులిస్తూ వచ్చింది ఆయనే. తలుపు అవతలి నుంచి నూకాలు కేకేసింది:

"నిన్న నీకోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాను బాబాయ్! ఇవాళైనా కాస్త పెందలాడే లేవకూడదూ?"