ఖాళీ అన్నవాడి మాట

చెన్నకేశవులుకు అన్నీ వచ్చాయి, ఒక్క సంతకం తప్ప.

పరుగులో ఫస్టు. గురిలో ఫస్టు. కళ్ళకు గుడ్డ కట్టి కూర్చోబెడితే రైఫిలును ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించడంలో ఆ బ్యాచ్‌లో వాడిని కొట్టినవాడు లేడు. మిగతావాళ్ళు స్ప్రింగు ఎటు పోయిందా అని దుప్పటి మీద తడుముకుంటూ ఉంటే, మనవాడు అప్పటికే పని ముగించి, గుడ్డ విప్పుకుని, ఎవరెవరు చూస్తున్నారా అని చుట్టూ చూసేవాడు. చూసేవాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. ఉస్తాద్ మాత్రం సరిగ్గా ఆ టైముకే అటు తిరిగి టీ తాగుతూ ఉండేవాడు.

ఆ సంతకం సంగతి కొంచెం చెప్పాలి. ఆ జిల్లా సాయుధ పోలీసు లైన్లలో కొత్త కానిస్టేబులుకు సొంతంగా ఒక రైఫిలు కేటాయించే ముందు ఒక కాగితం నింపేవారు. "ఇతని చేతికి ఆయుధం ఇవ్వవచ్చును" అని అచ్చు వేసి ఉంటుంది. కింద ఉస్తాద్ సంతకం పడాలి. అది పడితే రైఫిలు నీది, డ్యూటీ నీది. పడకపోతే వచ్చే బ్యాచ్‌తో కలిసి మొదటి పాఠం నుంచి మళ్ళీ కూర్చోవాలి.

ఆయుధం నేర్పేవాడిని పోలీసు లైన్లలో ఉస్తాద్ అనే పిలుస్తారు, ఆయన ఏ మతం వాడైనా సరే. ఇక్కడి ఉస్తాద్ హుసేన్ పీరా. హెడ్ కానిస్టేబులు. ఇంకో మూడేళ్ళలో రిటైరు. ఆయన నోటి నుంచి శభాష్ అనే మాట విన్నవాడు ఆ లైన్లలో ఎవడూ లేడు.

కేశవులు తొందరకు కారణం ఉంది. భార్య రేణుకకు ఎనిమిదో నెల. పుట్టింట్లో ఉంది. ఆ ఊరికి నాలుగు మైళ్ళలో డ్యాము. డ్యాము మీద గార్డు డ్యూటీకి అయిదుగురు కావాలని ఆర్డరు వచ్చింది. సంతకం పడినవాళ్ళ పేర్లు శనివారం పోతాయి. రేణుక ఫోనులో ఒకటే మాట, "తొట్టెల్లో వేసేనాటికైనా వస్తావా, లేకుంటే ఫోటో పంపమంటావా?"

ఉస్తాద్ చెప్పే పాఠాలు కేశవులుకు నోటికి వచ్చు. రైఫిలు పాతకాలపు ఎస్.ఎల్.ఆర్. బరువైనది, పొడవైనది, భుజానికి ఆనించే చెక్క మడమది. యుద్ధాలు చూసిన జాతి. కొత్తగా చేతికి వచ్చినవాడికి దాన్ని భుజాన వేసుకోగానే రెండంగుళాలు పొడుగు పెరిగినట్టు ఉంటుంది. ఆ పెరిగిన రెండంగుళాలనే ఉస్తాద్ మొదటి రోజు నుంచీ చెక్కుతూ వచ్చేవాడు.

"పాత త్రీనాట్‌త్రీ ముసలెద్దు మాదిరి. నువ్వు బోల్టు లాగి తొయ్యకుంటే రెండో రౌండు ఎక్కదు. ఇది అట్ల కాదు నాయనా. ఒకటి పోయేలోపల ఇంకొకటి తనంతట తానే ఎక్కించుకొని కూసుంటది. నీకు చెప్పదు."

ఇంకా చెప్పేవాడు. నూనె ఎక్కువ పుయ్యొద్దు, మన్నంతా దానికే అంటుకుంటాది. గ్యాసు పోయే గొట్టం నల్లబడనియ్యొద్దు. వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన. మూతి ఎప్పుడూ ఇసుక వైపు, మనిషి వైపు కాదు, ఆ మనిషి నీకు కిట్టనివాడైనా సరే. ఈ మాటకు బ్యాచ్ అంతా నవ్వేది. ఉస్తాద్ నవ్వేవాడు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన పద్ధతి ఒకటి. ముందు తూటాలుండే మేగజైన్ పీకెయ్యాలి. ఆ తర్వాతే హ్యాండిల్ లాగి, లోపల చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, "ఖాళీ" అనాలి. అన్నాకే పక్కవాడి చేతికి ఇవ్వాలి. తీసుకున్నవాడు కూడా మళ్ళీ లాగాలి, చూడాలి, వేలు పెట్టాలి, "ఖాళీ" అనాలి. పదిమంది చేతులు మారితే పదిసార్లు. అదేం పిచ్చి అని కొందరికి లోపల్లోపల ఉండేది. కేశవులు మాత్రం ఆ పని ఎంత వేగంగా చేసేవాడంటే, వేలు లోపలికి పోయిందో లేదో ఎదుటివాడికి తెలిసేది కాదు.

గురువారం పొద్దున రేకుల షెడ్డు కింద పన్నెండు మందీ వరుసలో నిలబడ్డారు. కేశవులు మొదట. వాడి పక్కన ఉరుకుందు. ఉరుకుందు ఆ బ్యాచ్‌కంతా ఆఖరు. మనిషి మంచివాడే, చెయ్యే మందం. విప్పిన రైఫిలు బిగించేసరికి టిఫిన్ టైము దాటిపోయేది. ఉస్తాద్ దగ్గరికి వస్తే చాలు, వాడి చొక్కా తడిసిపోయేది.

ఉస్తాద్ ఆయుధాల గదిలోంచి ఒక రైఫిలు పట్టుకుని వచ్చాడు. తుడిచి తుడిచి మడమ నిగనిగలాడుతోంది. కేశవులు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఉస్తాద్ మూతి ఇసుక గుట్ట వైపు పెట్టి హ్యాండిల్ లాగి వదిలాడు. ఇత్తడి రౌండు ఒకటి ఎగిరి కింద పడి, దొర్లుకుంటూ పోయింది. మేగజైన్ తీసి జేబులో వేసుకున్నాడు.

"ఖాళీ," అన్నాడు. రెండు చేతులతో రైఫిలు ముందుకు చాపాడు. "తీసుకోరా కేశవులూ. నలభై ఒకటో నంబరు. నీదే."

నీదే. ఆ మాట కోసం నాలుగు నెలలు ఎదురు చూశాడు వాడు. రైఫిలు అందుకుని కళ్ళకు అద్దుకున్నాడు. శనివారం లిస్టు కనిపించింది, డ్యాము కనిపించింది, రేణుక కనిపించింది. హ్యాండిల్ మీదికి చెయ్యి పోయింది గానీ ఆగింది. ఎదురుగా ఉన్నది గురువు. ఆయన తెరిచి చూపించి, నోటితో చెప్పి మరీ ఇచ్చాడు. మళ్ళీ తెరిస్తే, పెద్దాయన తాగి ఇచ్చిన చెంబును వాసన చూసినట్టు ఉంటుంది.

"ఖాళీ ఉస్తాద్," అన్నాడు గట్టిగా.

"పక్కవానికి ఇయ్యి."

ఉరుకుందు అందుకున్నాడు. మూతి ఇసుక వైపు తిప్పాడు. పెదాలు కదిలిస్తూ, ఏది ముందు ఏది వెనక అని తనలో తాను లెక్క చెప్పుకుంటూ, హ్యాండిల్ లాగాడు.

రౌండు ఒకటి ఎగిరి కేశవులు బూటు మీద పడింది.

ఉస్తాద్ వంగి ఆ రౌండు తీసి, దాని పక్కన తొలిచిన బెజ్జం అందరికీ చూపించాడు. డమ్మీ. మందు లేనిది.

"ఉరుకుందూ, నీ కాగితం తే."

"నాదా ఉస్తాద్?"

"నీదే. ఉరుకుందు అంటే నువ్వే కదా."

అక్కడే, వాడి వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. "వీనికి నా మీద నమ్మకం లేదు. పనికొస్తాడు," అన్నాడు. వెనక వరుసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఉరుకుందును చూసి కాదని కేశవులుకు తెలుసు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా వాడు ఆయుధాల గదికి పోయాడు. ఉస్తాద్ ఒక గొట్టంలోకి గుడ్డపేలిక దూరుస్తున్నాడు.

"మోసం చేసినారు ఉస్తాద్."

"చేసినా."

"ఖాళీ అని మీ నోటితోనే అన్నారు. మీ మాట నమ్మడం తప్పయిందా నాకు?"

"నేను ముందు మేగజైన్ తీసినానా, హ్యాండిల్ లాగినానా?"

కేశవులు గుర్తు చేసుకోబోయాడు. వాడికి గుర్తు లేదు. కళ్ళెదురుగా జరిగింది, గుర్తు లేదు.

"యాడ చూస్తాంటివి?"

"మీ మొహం చూస్తాంటి."

"ముందు హ్యాండిలే లాగినా. మేగజైన్ లోపలే ఉండె. ఒకటి బయట పడె, ఇంకొకటి ఎక్కె. మీకు నాలుగు నెలలుగా ఏది చెయ్యొద్దంటి, అదే చేసినా. నువ్వు నా మొహం చూస్తాంటివి."

కేశవులు గొంతు దిగింది. "శనివారం లిస్టు పోతాది ఉస్తాద్. నా భార్యకు ఎనిమిదో నెల. ఒక్క తప్పు. ఇంకెప్పుడూ చెయ్యను."

ఉస్తాద్ పేలిక బయటికి లాగి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెట్టాడు.

"కాగితం తీసుకో. టోపీ పెట్టుకో. రా."

క్వార్టర్ల వెనక గేటు దగ్గర ఇస్త్రీ బండి ఉంది. లైన్లలో సగం యూనిఫారాలకు అక్కడే మడత పడుతుంది. ఆ బండి నడిపే సుంకులమ్మ చేతి మడత పెరేడ్ అయ్యేదాకా నలగదని పేరు. కేశవులు బట్టలు కూడా నాలుగు నెలలుగా ఆమె దగ్గరికే పోతున్నాయి. ఉస్తాద్ ఆమెతో మాట్లాడగా వాడెప్పుడూ చూడలేదు.

ఉస్తాద్ పోయి బండి పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాడు. సుంకులమ్మ తల ఎత్తలేదు.

"వీడు చెన్నకేశవులు. ఈ బ్యాచ్‌లో ఫస్టు."

"తెలుసు. కాలరు మీద రవ్వంత గీత ఉంటే వాపసు తెస్తాడు."

"సంతకం అడుగుతాండాడు."

"నువ్వు పెట్టే సంతకానికి నన్ను అడిగేదేంది అన్నా?"

"నిన్ను కాక ఎవర్ని అడగాల."

సుంకులమ్మ ఇస్త్రీ పెట్టెను పక్కకు నిలబెట్టి, కేశవులు వైపు చూసింది. "ఈయన నీకు చెప్పినాడా?"

"లేదమ్మా."

"చెప్పడు. ఒక్కొక్కర్ని ఇక్కడికి తోలుకొస్తాడు, నాతో చెప్పిస్తాడు." చొక్కా చేతిని సరిచేసి మళ్ళీ పెట్టె ఆనించింది. "మా ఆయన పేరు మద్దిలేటి. ఈయనా ఆయనా ఒకటే బ్యాచ్. అప్పుడే ఈ రైఫిళ్ళు కొత్తగా వచ్చినాయి. ఎలక్షన్ బందోబస్తు నుంచి వచ్చినారు, నిద్ర లేక కండ్లు మూతలు పడతాండాయంట. ఈయన హ్యాండిల్ లాగినాడు. రౌండు కింద పడింది. ఆ తర్వాత మేగజైన్ తీసినాడు. ఖాళీరా మద్దీ, తుడువు అని చేతికిచ్చినాడు."

చొక్కా ఇంకో చెయ్యి తిప్పింది.

"తుడిచే ముందు స్ప్రింగు వదలల్లంట కదా. మా ఆయన మడమ నేల మీద ఆనించి ట్రిగ్గర్ నొక్కినాడు, లోపలున్న రౌండు పేలి అక్కడికక్కడే పాయె. ఆయన తెరిచి చూడలేదా అని అందరూ అడిగినారు నన్ను, నాకేదో తెలిసినట్టు. ఎట్ల చూస్తాడు నాయనా? ఖాళీ అన్నది బ్యాచ్‌లో ఫస్టొచ్చినోడు."

కేశవులు ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన పెట్టెలోని బొగ్గుల వైపు చూస్తున్నాడు. ఆ మొహంలో ఏముందో తెలుసుకోవాలని వాడికి ఈసారి అనిపించలేదు.

ఉస్తాద్ చెయ్యి చాపాడు. కేశవులు కాగితం ఇచ్చాడు. ఆయన దాన్ని మోకాలి మీద పరిచి, జేబులోంచి పెన్ను తీశాడు.

"పెట్టమంటే పెడతా సుంకులమ్మా. బిడ్డ పుట్టేనాటికి పోయి చూసుకుంటాడు. ఇంక తప్పు చెయ్యడు వీడు."

"నీక్కూడా అప్పట్లో ఎవరో ఒకరు పెట్టే ఉంటారు కదన్నా సంతకం," అంది ఆమె. గొంతులో కోపం లేదు. చొక్కా మడిచి, దొంతర మీద పెట్టి, ఇంకొకటి తీసుకుంది.

ఉస్తాద్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. సిరా చుక్క ఒకటి గీత మీద ఊరింది.

"నువ్వే చెప్పరా," అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే. "పెట్టమంటే పెడతా."

శనివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. రేణుకకు ఏం చెప్పాలో కేశవులుకు తెలియలేదు. వంగి, ఉస్తాద్ మోకాలి మీది కాగితాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"కొత్త బ్యాచ్ సోమవారం కదా ఉస్తాద్. క్లాసు ఎన్నింటికి?"

"ఆరింటికి," అన్నాడు హుసేన్ పీరా. పెన్ను మూత పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "నన్ను నమ్ముకొని మాత్రం రావద్దు."