నులిపురుగుల మాత్ర

సువార్తమ్మ గారు ఎవరితోనూ వాదించేవారు కాదు. ముప్పై నాలుగేళ్లు ఊరూరా నర్సుగా తిరిగి, ఉద్యోగం అయిపోయాక పలాస దగ్గర తన పెంకుటింటి వసారాలో మాలాంటి వాళ్లకు పురుళ్ల పని నేర్పేవారు. మేం ఏదైనా ప్రశ్న అడిగితే చేతిలో పని పక్కన పెట్టి, జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. దాంట్లోంచి ఏం తీసుకోవాలో మాకే వదిలేసేవారు.

ఒకరోజు, పిల్లలకు ఆరోగ్య పాఠం చెప్పడానికి హైస్కూలుకు వెళ్లిన కస్తూరి ముఖం ఎర్రగా చేసుకుని వచ్చింది. మాలో ఆమే చిన్నది, ఆమెకే కోపం ఎక్కువ.

"హెడ్మాస్టరు గారు నన్ను వరండాలోనే ఆపేశారు అమ్మగారూ. చేతులు కడుక్కోమని చెప్పు, ఆకుకూరలు తినమని చెప్పు, పిల్లలెలా పుడతారో మాత్రం చెప్పొద్దు అన్నారు. లేని ఆలోచనలు మనమే పుట్టించినట్టు అవుతుందట. అసలు ఏ వయసులో చెప్పాలమ్మా?"

సువార్తమ్మ గారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ రోజు ఆవిడ చెప్పింది ఇది.

అప్పటికి ఆవిడకు ముప్పై ఏళ్లు. ఆవిడ చూసే ఊళ్లలో ఒకదానిలో నీలవేణి అని పదిహేనేళ్ల పిల్ల ఉండేది. తల్లిదండ్రులు తాపీ పనికి వేరే రాష్ట్రం పోయి, ఏడాదికి ఒకసారి వచ్చేవారు. పిల్ల అమ్మమ్మ అప్పలనరసమ్మ దగ్గర పెరిగింది. ఊళ్లో బడి ఎనిమిదో తరగతితో సరి. తొమ్మిదికి పోవాలంటే ఆరు మైళ్లు నడవాలి, మధ్యలో వానాకాలం పొంగే గెడ్డ దాటాలి. ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక అప్పలనరసమ్మ మనవరాల్ని తనతోపాటు జీడిపిక్కలు కొట్టే పనికి తీసుకుపోయింది. అక్కడ బస్తాలు మోసే పదిహేడేళ్ల దాలయ్యతో ఆ పిల్లకు చనువు ఏర్పడింది. మంచివాడే. పిక్కల జీడి రసం అంటి ఆమె వేళ్లు పొక్కితే ఆముదం తెచ్చి రాసేవాడు.

సువార్తమ్మ గారు నెలకోసారి పసిపిల్లలకు టీకాలు వేయడానికి ఆ ఊరు వెళ్లేవారు. ఒక నెల నలభై మంది పిల్లలు వచ్చారు. అందరికీ వేసి సూదులు సర్దుకుంటుంటే నీలవేణి గుమ్మంలో నిలబడి ఉంది. లంగా మీద నాన్న చొక్కా వేసుకుంది. అందరూ వెళ్లేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది.

"సిస్టరమ్మా, కడుపులో నులిపురుగులుంటే కదుల్తాయేటి?"

"ఉంటే కదులుతాయి. చెప్పులు లేకుండా తిరిగితే ఉండవా మరి?" అని ఆవిడ డబ్బాలోంచి ఒక మాత్ర తీసి ఇచ్చారు. "అన్నం తిన్నాక నమిలి మింగు."

ఆ పిల్ల మాత్రను గుప్పిట్లో పెట్టుకుని ఇంకాసేపు నిలబడింది.

"ఇంకేమైనా ఉందా?"

"ఏటీ నేదు."

ఒంటిగంట బస్సు వచ్చే వేళయింది. సువార్తమ్మ గారు సంచీ భుజాన వేసుకుని బయల్దేరారు. వెనక్కి చూస్తే ఆ పిల్ల ముఖం తేటపడి ఉంది. ఒక మంచి పని చేశాననే ఆవిడ అనుకున్నారు.

ఆ పిల్ల మళ్లీ టీకాల దగ్గరికి రాలేదు. మూడు నెలల తరువాత, సువార్తమ్మ గారు పక్క ఊళ్లో ఉండగా, ఒక ఉదయం అప్పలనరసమ్మ పొలాలకు అడ్డంపడి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మా గుంటకి గాలి సోకింది సిస్టరమ్మా, కొట్టేసుకుంతంది!" వెళ్లేసరికి ఎవరో వేపమండలతో దిగదుడుస్తున్నారు. నీలవేణి నేల మీద ఉంది, కళ్లు తేలేసి, పళ్లు బిగబట్టి. పాదాలు గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి. సువార్తమ్మ గారు చొక్కా పైకెత్తి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూశారు. ఎనిమిదో నెల.

ఇంటివాళ్లకు తెలియలేదా అని మాలో ఒకరు అడిగారు.

"అంత సన్నటి పిల్లకు కొంచెం ఒళ్లు వస్తే, తిండి పడుతోందని సంతోషించింది ముసలమ్మ" అన్నారు ఆవిడ.

జీడిపిక్కల లారీ ఒకటి రోడ్డు మీద దొరికింది. డ్రైవరు విషయం విని, మారు మాట్లాడకుండా సగం బస్తాలు రోడ్డు పక్కన దింపేశాడు. పిల్లను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలో ఇంకో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. చిన్న వయసులో, రక్తం లేని ఒంటికి, ఒక్కసారైనా చూపించుకోని కడుపుకు ఇలా అవుతుందని ఆవిడ పుస్తకంలో చదివారు. చదివినది ఒళ్లో కొట్టుకుంటుంటే చూడటం అదే మొదలు.

ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలోన్నర కూడా లేదు. తల్లి తెలివిలేకుండా ఉంటే, డాక్టరమ్మ చెప్పినట్టు అప్పలనరసమ్మ ఆ బిడ్డను రొమ్ముకు ఆనించి చీరతో కట్టుకుంది. మూడు రోజులు కూర్చునే నిద్రపోయింది.

దాలయ్య ఆసుపత్రి గేటు దగ్గరే ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరు పొమ్మన్నా పోలేదు. సువార్తమ్మ గారు కోపంగా వెళ్లి ఎదురుగా నిలబడితే, వాడు ఏడుస్తూ అడిగాడు. "మాకు పెళ్లవనేదు కదా సిస్టరమ్మా. పెళ్లవకుండా పిల్లలెలాగ పుడతారు?"

ఆవిడ కొట్టడానికని ఎత్తిన చెయ్యి దించుకున్నారు.

మూడో రోజు నీలవేణికి తెలివి వచ్చింది. చూపు ఇంకా మసకగానే ఉంది. అమ్మమ్మ గుండెల మీద చీరలోంచి చిన్న తల కనబడితే చాలాసేపు అటే చూసింది.

"ఎవుల పాపమ్మా?" అంది.

సువార్తమ్మ గారు మంచం మీద కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "ఆ రోజు నువ్వు అడిగింది నాకు వినబడలేదమ్మా. తప్పు నాది" అన్నారు. తరువాత మొదటినుంచీ చెప్పారు. నెలనెలా ఒంట్లో ఏం జరుగుతుందో, అది ఎందుకు ఆగిపోతుందో, బిడ్డ ఎలా ఏర్పడుతుందో, ఎలా ఏర్పడకుండా చూసుకోవచ్చో, ఎముకలు గట్టిపడని వయసులో కడుపు ఎందుకు ప్రమాదమో, ఎవరైనా దగ్గరకు వస్తే వద్దనే హక్కు తనకు ఉందని కూడా. ఒక్క మాట దాచలేదు, ఒక్క మాట తిట్టలేదు.

నీలవేణి అంతా విని, "బళ్లో పువ్వు కాయవడం దాకా చెప్పి పుస్తకం మూసేసినారు" అంది. ఆ తరువాత గోడవైపు తిరిగి, చప్పుడు లేకుండా ఏడ్చింది. కాసేపటికి చెయ్యి చాచితే అమ్మమ్మ బిడ్డను ఆమె పక్కన పడుకోబెట్టింది.

సువార్తమ్మ గారు ఇక్కడ ఆగారు.

"తరువాత వాళ్లేమయ్యారమ్మా?" అని కస్తూరి అడిగింది. గొంతులో కోపం లేదు.

"బిడ్డ దక్కింది. దాలయ్య దూరం పోయి పని వెతుక్కున్నాడు, బిడ్డ కోసం ఏదో పంపేవాడు. ఆ ఇద్దరికీ పెళ్లి చేసెయ్యాలని ఊరంతా తొందరపెట్టింది. అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు. చంటిదాన్ని తను చూసుకుంటూ, మనవరాల్ని చదువుకు పంపింది. నీలవేణికి మాత్రం చూపు పూర్తిగా రాలేదు, పుస్తకం ముక్కుకు ఆనించి చదివేది. పదోతరగతి పూర్తిచేయడానికి నాలుగేళ్లు పట్టింది. ఇరవై మూడేళ్లప్పుడు తనకు నచ్చినవాణ్ని చేసుకుంది. అతను ఆ బిడ్డను కూడా తన ఇంటిపేరుతోనే బళ్లో వేశాడు."

"మరి ముసలమ్మ మిమ్మల్ని ఏమీ అనలేదా? మాత్ర ఇచ్చి పంపేసినందుకు?"

"తిడుతుందనే అనుకున్నాను. ఆ రోజు నేను చెప్పడం అయ్యాక, నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. పన్నెండో ఏట కాపురానికి వెళ్లిన మనిషి. ఏడుగుర్ని కని నలుగుర్ని మట్టిలో పెట్టింది. అప్పటికి అరవై దాటాయి. నా ముఖంలోకి చూసి, 'ఇంతేనేటి సిస్టరమ్మా? నాకూ ఎవులూ సెప్పనేదు' అంది."

కస్తూరి తల వంచుకుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

సువార్తమ్మ గారు కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు.

"రేపు మళ్లీ ఆ బడికి వెళ్లు" అన్నారు. "వెళ్లేటప్పుడు ఆ పిల్లల అమ్మమ్మల్ని కూడా పిలు."