చిప్పలో చిక్కుడు గింజలు

కొండమీది ఆశ్రమంలో స్వామివారికి వయసు మీరింది. తన తర్వాత పీఠం చిన్న శిష్యుడు లోకనాధానిదని ఆ పొద్దున అందరి ముందూ చెప్పేశారు. పెద్ద శిష్యుడు గవరయ్యకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళు నీళ్ళు మోసింది తనైతే, పీఠం నిన్నగాక మొన్న వచ్చినవాడికా!

“నల్లకళ్ళవాడికా స్వామీ పీఠం? మా ఊరు చూడండి. మా ముత్తాతల నాడు సగం మందివి నల్లకళ్ళేనట. ఇప్పుడు పదహారు గడపల్లో అందరివీ పిల్లికళ్ళే. దేవుడు మమ్మల్ని ఏరుకున్నాడు!”

స్వామి కొబ్బరిచిప్పలో చిక్కుడు గింజలు వేశారు. తెల్లవి పది, నల్లవి పది. లెక్క తప్పిందేమోనని మళ్ళీ ఎంచారు.

“తెల్లవి మీవాళ్ళు. కళ్ళు మూసుకుని అయిదు తియ్యి. మిగిలినవి పక్కన పెట్టేస్తాను. తీసినవాటిలో ఒక్కోదానికి అదే రంగువి నాలుగు వేస్తాను. అవి వాళ్ళ పిల్లలు. అది ఒక తరం.”

గవరయ్య కండువాతో కళ్ళు కట్టుకున్నాడు. మొదటి తీతకి మూడు తెల్లవి, రెండు నల్లవి. చిప్పలోకి పన్నెండు తెల్లవి, ఎనిమిది నల్లవి వచ్చాయి.

“మావాళ్ళే ఎక్కువ స్వామీ!”

“గోల చెయ్యకు. తియ్యి.”

రెండో తీతకి తెల్లవి రెండే. మూడో తీతకి నాలుగు! పీట మీంచి లేచి గంతేశాడు.

“కూర్చోరా, చిప్ప తన్నేస్తావ్.”

నాలుగో తీతకి అయిదూ తెల్లవే. చిప్పలో ఇక నల్లగింజ లేదు. గవరయ్య కండువా గాల్లో తిప్పి కేకేశాడు.

“చూశారా స్వామీ! పుణ్యమంతా తెల్లదానిదే!”

స్వామి చిప్ప బోర్లించి, మళ్ళీ పదీ పదీ వేశారు. “ఇంకోసారి కట్టుకో.”

గవరయ్య హుషారుగా కట్టుకున్నాడు. ఈసారి తెల్లవి రెండు వచ్చాయి. ఆపైన మూడు, మళ్ళీ ఒకటి. చివరి తీతకి గంతలు విప్పి చూస్తే అరచేతిలో అయిదూ నల్లవే.

“చెయ్యి ఎవరిదిరా?”

“నాదే స్వామీ.”

“ఏరి తీశావా?”

“లేదు స్వామీ. కళ్ళు కట్టుకునే ఉన్నాను.”

“మరి ఇప్పుడు పుణ్యం ఎవరిది?”

గవరయ్య తెల్లవీ నల్లవీ కలిపి చిప్పలో పోశాడు. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్ళాడు.

“లోకనాధం, లోపలికి రా. స్వామి పిలుస్తున్నారు.”

స్వామి ఎవర్నీ పిలవలేదు.