గెడ్డవలస పాచమ్మ తల్లి కోక మహిమ

గెడ్డవలస బస్టాండులో దిగిన యాత్రికులు పడమటి రోడ్డు పట్టుకుని పావు గంట నడిస్తే మునిసిపాలిటీ వాటర్ వర్క్స్ గేటు కనిపిస్తుంది. అదే శ్రీ పాచమ్మ తల్లి వారి సన్నిధి. గోపురం కోసం వెతకవద్దు, లేదు. గేటు దాటగానే పక్కపక్కన రెండు పెద్ద రాతి తొట్లు ఉంటాయి. వాటినిండా నీళ్లు, నీళ్ల కింద నడుము లోతు ఇసుక, ఇసుక మీద కాగితమంత పల్చగా పరుచుకున్న ఆకుపచ్చని పాచి. ఆ ఇసుకలో అమ్మవారు కొలువై ఉన్నది. ఆ పాచి అమ్మవారు కట్టుకున్న కోక.

ఏ క్షేత్రానికి వెళ్లినా ఊడ్చడం, కడగడం, తుడవడం పుణ్యకార్యాలు. ఇక్కడ మాత్రం తొట్ల గోడ మీద అడుగెత్తు అక్షరాలతో 'ఇచ్చట ఎవరూ శుభ్రం చేయరాదు' అని రాసి ఉంటుంది. మొక్కుకుని చీపురుతో వచ్చిన భక్తులను గేటు దగ్గర ఆపి, చీపురు తీసుకుని, మర్యాదగా లోపలికి పంపుతారు. ఈ ఆచారం ఎలా వచ్చిందో చెప్పమని అడిగేవారు ఎక్కువైపోవడం వల్ల ఈ చిన్న పుస్తకం వేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ తుమ్మ తుప్పలు తప్ప ఏమీ లేవు. ఊరివాళ్లు పక్కన పారే గెడ్డలో నీళ్లు తెచ్చుకుని తాగేవారు. ఆ గెడ్డలోనే గేదెలను కడిగేవారు, బట్టలు ఉతికేవారు, పుస్తకంలో రాయకూడనివి కూడా చేసేవారు. వానాకాలం వచ్చిందంటే వాంతులూ విరేచనాలూ పిలవని చుట్టాల్లా ఇంటింటికీ వచ్చి కూర్చునేవి. అటువంటి రోజుల్లో ఒక ఇంజనీరుగారు వచ్చి ఈ రెండు తొట్లూ కట్టించారు. ఆయన పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు, ఆయన ఖాకీ నిక్కరు మాత్రం అందరికీ గుర్తుంది. మిగతా క్షేత్రాల్లో మహర్షులు చేసే తపస్సు ఇక్కడ ఆయన చేశారు. తొట్లలో ఇసుక పరిపించి, గెడ్డ నీళ్లు వదిలించి, గొడుగు కింద స్టూలు వేసుకుని ఇరవై ఒక్క రోజులు ఆ ఇసుకనే చూస్తూ కూర్చున్నారు. ఎవరినీ తొట్టిలో చెయ్యి పెట్టనివ్వలేదు. ఇరవై రెండో రోజున కింది గొట్టంలోంచి వచ్చిన నీళ్లు ఒక గ్లాసు తాగి, తల ఊపి, ఊరికి వదలమన్నారు.

ఆ తపస్సుకు సాక్షి కోరాడ గౌరునాయుడు. వాల్వులు తిప్పడానికి ఉద్యోగంలో పెట్టుకున్న మనిషి, చదువు లేదు గాని చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఇంజనీరుగారు ఒకనాడు ఆ పాచి కొంచెం తీసి భూతద్దాల యంత్రంలో పెట్టి అతనికి చూపించారు. అందులో కదులుతున్న ప్రాణులను చూసి గౌరునాయుడికి రెండు రోజులు అన్నం సహించలేదు. నీళ్లను బాగుచేసేది ఇసుక ఒక్కటే కాదని, ఈ పాచిలోని జీవాలే రోగాన్ని తినేస్తాయని, అది పెరగడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుందని ఆయన చెప్పారు. మూడు నెలలకోసారి నీళ్లు దిగడం మందగిస్తే ఒక తొట్టిలో అరంగుళం మాత్రం గీకాలని, అది మళ్లీ పాచి పట్టేదాకా రెండో తొట్టి నీళ్లే వాడాలని కూడా చెప్పి బదిలీ మీద వెళ్లిపోయారు. గౌరునాయుడు పదకొండేళ్లు ఆ మాట జవదాటలేదు. పదకొండేళ్లు గెడ్డవలసకు రోగం రాలేదు. రాని రోగాన్ని ఎవరూ తలచుకోరు గనక, ఆ సంగతీ ఎవరూ గమనించలేదు.

అప్పుడు పేరి సోమయాజులుగారు ఓవర్సీరుగా వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. లంచం ముట్టేవారు కారు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కారు. ఆయనకున్నది ఒక్కటే జబ్బు, శుభ్రం. గొడుగును కూడా కడిగి ఆరేసేవారు. వచ్చిన ఉత్తరాల మీద నీళ్లు చిలకరించి గాని విప్పేవారు కారు. తాగడానికి తన పెరటి నూతి నీరు తప్ప ఇంకో నీరు నోట పెట్టేవారు కారు. అటువంటి మనిషి మొదటి రోజు తొట్టిలోకి తొంగి చూసి, ఊరు తాగే నీళ్ల కింద పచ్చగా మెరుస్తున్న పాచిని చూశారు. ఆయన మొహం చూడాలి. వెంటనే నలుగురు కూలీలను పెట్టి, రోజూ పొద్దున్నే రెండు తొట్లూ గీకి ఇసుక తెల్లగా చేయాలని ఆర్డరు వేశారు.

గౌరునాయుడు చేతులు కట్టుకుని అడ్డం వెళ్లాడు. "అది మురికి కాదు బాబూ. అందల పురుగులుంటాయి. ఆటి వల్లే నీళ్లు బాగుంటన్నాయి," అన్నాడు.

సోమయాజులుగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఈ మాట ఇంకెక్కడా అనవద్దని, అంటే పిచ్చాసుపత్రికి పంపుతారని హితవు చెప్పారు. గౌరునాయుడు వినక టీకొట్టు దగ్గర ఆ మాటే అన్నాడు. మన నీళ్లల్లో పురుగులున్నాయని వాల్వు తిప్పేవాడే ఒప్పుకున్నాడని సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. ఇంకా గట్టిగా గీకించమని జనం వేలిముద్రలు వేసి ఓవర్సీరుగారికి అర్జీ పెట్టుకున్నారు. గౌరునాయుడు ఇంటికి పోయాడు.

నెల తిరిగేసరికి వానలు పడ్డాయి. పాత చుట్టాలు మళ్లీ దిగారు. ముందు రెల్లివీధిలో, తర్వాత బజారులో, ఆపైన ఆస్పత్రి వరండాలో చాపలు చాలనంతగా జనం మంచం పట్టారు. సోమయాజులుగారు కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి ఎండలో పైకెత్తి చూశారు. స్ఫటికంలా ఉన్నాయి. నీళ్లలో లోపం లేదు, శుభ్రమే చాలడం లేదని ఆయనకు తోచింది. రోజుకు రెండుసార్లు గీకించడం మొదలుపెట్టారు. హెల్త్ ఇనస్పెక్టరు నీళ్లు కాచి తాగమని వీధివీధినా దండోరా వేయిస్తే, కాచిన నీళ్లు చప్పగా ఉంటాయని జనం మొహం చిట్లించారు.

అప్పుడే గౌరునాయుడి మనవరాలు నూకరత్నానికి తగిలింది. నాలుగేళ్ల పిల్ల, ఇల్లంతా గంతులేసే పిల్ల, ఒక్క రోజులో కళ్లు లోపలికి పోయి తాతని చూసి కూడా నవ్వలేదు. గౌరునాయుడికి గుండె చెరువైంది. మందు ఆస్పత్రిలో ఉంది, కాని రోగం తన చేతి కింది వాల్వులోంచే ఊళ్లోకి పోతోంది. తను చెబితే ఎవరూ వినరు. ఓవర్సీరుగారికి పైన ఎవరున్నారా అని ఆలోచిస్తే దేవుడొక్కడే కనిపించాడు.

గౌరునాయుడు న్యాయంగానే మొదలుపెట్టాడు. కలలో కనిపించి ఓవర్సీరుగారికి బుద్ధి చెప్పమని అమ్మవారిని మొక్కుకుని, మధ్యాహ్నం భోజనమయ్యాక పంపు గదిలో గోనెపట్టా మీద పడుకున్నాడు. అమ్మవారు రాలేదు. రెండో రోజు కూడా పడుకున్నాడు. పనసతొనలు తిన్నట్టు కల వచ్చింది. మూడో రోజు అదీ రాలేదు. లేచి కూర్చుని, చెమట తుడుచుకుని, తొట్టి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"తల్లీ, నువ్వొచ్చినావనే సెప్తాను. తప్పయితే నన్ను కొట్టు. పిల్లని ఒగ్గీ."

మర్నాడు పొద్దున్న కూలీలు గీకుడు పలకలతో దిగబోతుంటే గౌరునాయుడు తొట్టి గట్టు మీద అడ్డంగా పడుకున్నాడు. సోమయాజులుగారు చెంబు చేత్తో వచ్చి ఏమిటని అడిగారు. తనకు కల వచ్చిందని, ఈ ఇసుకలో అమ్మవారు వెలిసిందని గౌరునాయుడు చెప్పాడు. పాచంటూ మనం గీకేస్తున్నది ఆ తల్లి కట్టుకున్న కోక అట. దాన్ని నేసుకోవడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుందట. అప్పటిదాకా ఊరంతా కాచి చల్లార్చిన నీళ్లే తాగి దీక్ష పట్టాలట. ఆ తర్వాత మూడు నెలలకోసారి, ఒక్కో తొట్టికి, అరంగుళం మించకుండా కోక మార్చాలట. ఇంతవరకు సోమయాజులుగారు కనుబొమలు ముడిచి వింటూనే ఉన్నారు.

"ఇంకేమంది?" అన్నారు.

"సెప్పమంటారా బాబూ? రోజూ రెండుపూటలా నా కోక లాగించేస్తన్న ఆ ఓవర్సీరెవుడ్రా అని అడిగింది."

సోమయాజులుగారి చేతిలో చెంబు జారి తొట్టిలో పడింది. గేటు కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరూ ఆ మాట విన్నారు. పరాయి ఆడదాని వైపు కన్నెత్తి చూడని మనిషి, నెలన్నరగా కూలీలను పెట్టి అమ్మవారి కోక లాగిస్తున్నారని తేలితే ఊరు ఊరుకుంటుందా. మధ్యాహ్నానికి జనం కొబ్బరికాయలతో వచ్చారు. అర్జీలో వేలిముద్ర వేసిన వాళ్లే ముందు వరసలో నిలబడి చెంపలు వేసుకున్నారు. సోమయాజులుగారు అక్కడే నిలబడి ఆర్డరు రద్దు చేసి, కూలీలను పంపేసి, తొట్టి గట్టుకు పసుపు రాశారు.

దండోరాకు లొంగని ఊరు దీక్షకు లొంగింది. ఇంటింటా నీళ్ల కుండకు పసుపు కుంకాలు పెట్టి కాచారు. కాచని నీళ్లు తాగిన అల్లుణ్ణి కూడా గుమ్మం బయట కూర్చోబెట్టిన ఇళ్లున్నాయి. అయిదో రోజున నూకరత్నం ఆస్పత్రి చాప మీద లేచి కూర్చుని చేగోడీలు కావాలని పేచీ పెట్టింది. గౌరునాయుడు వరండా స్తంభం చాటుకు పోయి ఏడ్చాడు. ఇరవై ఒక్క రోజులయ్యేసరికి ఆస్పత్రిలో చాపలు మిగిలాయి, తొట్లలో కోక పచ్చగా పరుచుకుంది.

అయితే ఆ అబద్ధం గౌరునాయుడి గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆరేళ్లు మోశాడు. సోమయాజులుగారు రిటైరై వెళ్లిపోయే రోజున, ఆఫీసు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, కాళ్ల మీద పడి కల రాలేదని చెప్పేశాడు.

సోమయాజులుగారు అతన్ని లేవదీశారు. "నాకు ఆ రోజే తెలుసు గౌరునాయుడూ. అరంగుళం మించి గీకవద్దందన్నావు. ఏ అమ్మవారైనా అంగుళాల్లో మాట్లాడుతుందటయ్యా?"

"మరెందుకు ఒప్పుకున్నారు బాబూ?"

అంతకు వారం ముందే తాను ఆస్పత్రి వరండా చూసి వచ్చానని, అప్పుడే అనుమానం మనసులో పడిందని ఆయన చెప్పారు. కాని వాల్వు తిప్పే మనిషి మాట విని తన ఆర్డరు తానే కొట్టేసుకోవడానికి ముఖం చెల్లలేదు. అమ్మవారి మాట వినడంలో ఎవరికీ చిన్నతనం లేదు గనక, ఆ చాటున తప్పుకున్నారు.

"అనుమానం వచ్చిన రోజునే ఆపి ఉండవలసింది. నేను ఇంటి నూతి నీళ్లు తాగుతూ ఊరికి ఆ నీళ్లు పంపాను. ఇద్దరు పిల్లలు వరండాలోంచి ఇంటికి పోలేదు. అమ్మవారు నన్ను క్షమిస్తుందంటావా?"

గౌరునాయుడు కావాలంటే మరో కల చెప్పగలడు. ఈసారి నోరు రాలేదు. "తెలీదు బాబూ," అన్నాడు.

సోమయాజులుగారు ఆ సాయంత్రం ఊరు విడిచిపెట్టే ముందు రిజిస్టరులో తన చేత్తో ఒక ఆచారం రాసిపెట్టి వెళ్లారు. కల సంగతి కూడా దాచవద్దని రాశారు. అందుకే ఇక్కడ అచ్చు వేస్తున్నాం. అబద్ధమని తెలిశాక భక్తులు తగ్గుతారని సన్నిధి కమిటీవారు భయపడ్డారు గాని, ఎవరూ తగ్గలేదు, తొట్టిలో ఎవరూ వేలు పెట్టలేదు.

నేటికీ మూడు నెలలకోసారి కోక మార్పు ఉత్సవం జరుగుతుంది. అరంగుళం పుల్లతో కొలిచి మరీ గీకుతారు. ఆ తొట్టి నీళ్లు ఇరవై ఒక్క రోజులు కొబ్బరితోటకు పోతాయి. వాటిని తీర్థమని పట్టుకోవద్దని యాత్రికులకు మనవి. ఇక సోమయాజులుగారు రాసిన ఆచారం ఇది. కొత్తగా వచ్చిన అధికారి ఎవరైనా, చార్జి తీసుకునే ముందు జనం ఎదుట కుళాయి నీళ్లు ఒక చెంబెడు తాగాలి. ఇంట్లో ఏ నీళ్లు తాగుతారో కూడా చెప్పాలి. ఇది విని సెలవు పెట్టి బదిలీ చేయించుకున్నవారు ఇంతవరకు ముగ్గురు. తాగే ముందు సంకల్పంలో గోత్రం చెప్పే చోట రెండు పేర్లు పైకి చదవాలి: లెంక సూరప్పడు, అయిదేళ్లు, బోను రాములమ్మ, మూడేళ్లు. అధికారి ఎంత పెద్దవాడైనా ఆ రెండు పేర్ల దగ్గర గొంతు తగ్గుతుంది.

ఈ కథ చదివినవారికి అమ్మవారు సంపదలిస్తుందని మేము రాయలేము, ఇంతవరకు ఎవరికీ ఇచ్చిన దాఖలా లేదు. వారి పిల్లలు మాత్రం వానాకాలమంతా కడుపునొప్పి అనకుండా ఆడుకుంటారు. గెడ్డవలసలో ఇంతకు మించి ఎవరూ మొక్కుకోలేదు.