చారల బాతు పేరు

వానలు వెనకబట్టి తుంగమడుగు అంచులదాకా నిండిందంటే, చుట్టుపక్కల జంతువులకి ఈతపందేల కాలం వచ్చినట్టే. మడుగు నడిమధ్య పచ్చటి తిప్ప ఒకటుంది. పందెం గెలిచినవాళ్లకి ఆ శీతాకాలమంతా తిప్ప మీద హక్కు. అక్కడ ఎవరు దిగాలో ఎవరు దిగకూడదో వాళ్లే చెప్పాలి. పక్షులు గుడ్లు పెట్టేది ఆ తిప్ప మీదే కాబట్టి ఆ హక్కు కోసం అందరూ గుటకలు మింగేవారు.

ఒడ్డున మట్టిదిబ్బ ఎక్కి పందెం వినిపించే పని రామచిలుక వాచస్పతిది. ఒకప్పుడు పట్నంలో పంజరంలో ఉండి, ఆ ఇంటివాళ్ల రేడియోలో క్రికెట్ కామెంటరీ కంఠతా పట్టి, తలుపు తెరిచి ఉన్న పూట ఎగిరొచ్చేశాడు. అప్పట్నుంచి మామూలు పేరు మామూలుగా పలకడం అతనికి నామోషీ అయిపోయింది. కుందేలు చెవులయ్యని ‘షెవ్యులాయ్’ అనేవాడు. నక్క గుంటప్పని ‘జెంటాఫ్’ అనేవాడు. ఎలుగుబంటి బొచ్చెన్న ‘బోషెనా’ అయ్యాడు. ఆ పేరు తెగ నచ్చి ఇంట్లో పెళ్లాం చేత కూడా అలాగే పిలిపించుకున్నాడు. వాచస్పతికి సకల భాషలూ వచ్చని మడుగంతా నమ్మింది. కొన్నాళ్లకి వాచస్పతీ నమ్మాడు.

ఆ ఏడు పందేనికి ఒక కొత్త బాతు వచ్చింది. తల మీద రెండు నల్లటి చారలు, ఎండకీ మంచుకీ పగిలిన కాళ్లు. మంచుకొండల అవతల నుంచి వచ్చిందట. తనవాళ్లకి ముందుగా చోటు చూడ్డానికి ఎగిరొచ్చిందట.

“పేరు?” అన్నాడు వాచస్పతి.

“ఖ్యుంత్సా.”

వాచస్పతికి ముక్కు కింద చెమట పట్టింది. అలాంటి పేరు పుట్టాక వినలేదు. మరోసారి చెప్పమంటే సరిపోయేది. కానీ చెవులయ్యా బొచ్చెన్నా పక్కనే నోరు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్ల ముందు అడగడమా?

“ఆఁ, తెలుసు తెలుసు. కుంపటిగారు!”

“కుంపటి కాదండీ. ఖ్యుం... త్సా.”

“నేనంటున్నదీ అదేనమ్మా. మీ నోట్లో కొంచెం యాస పలుకుతోంది, అంతే.”

“మా అమ్మ పెట్టిన పేరండీ అది.”

“పెట్టడం వేరు, పలకడం వేరు,” అని తల తిప్పేసుకున్నాడు వాచస్పతి.

బాతు నీళ్లవైపు నడిచింది.

తుంగపొదల్లో పడుకున్న నక్క గుంటప్ప ఇదంతా విన్నాడు. వాడికి ఈత రాదు. గుడ్లంటే మాత్రం ప్రాణం. లేచి ఒళ్లు దులుపుకుని, దిబ్బ వెనక్కి వెళ్లి, రెండు చేతులూ జోడించాడు.

“గురువుగారూ, ఈ మడుగులో ఆ పేరు పలకగలిగినవారు తమరొక్కరే. ఆ బాతుకేం తెలుసు!”

“అదేగా నేనూ చెప్పేది,” అన్నాడు వాచస్పతి, కాస్త ఊపిరి పీల్చుకుని.

“వాళ్ల దేశంలో ‘ఖ్య’ అన్నచోట ‘గ’ అంటారట కదండీ? ‘త్స’ దగ్గరకొచ్చేసరికి మంచు నోట్లోకి పోకుండా పెదాలు మూసేస్తారట. అందుకని అది ‘ప్ప’ అవుతుందట. తమరికి తెలియందేముంది.”

“తెలియకేం. గుం... ప్పా.”

“ఆహా! మధ్యలో చిన్న ‘ట’ ఉందనుకోండి. మామూలువాళ్ల చెవికి ఆనదు.”

“నాకు ఆనింది,” అన్నాడు వాచస్పతి వెంటనే. “గుంటప్పా!”

“అంతే! అచ్చం అక్కడివాళ్లలాగే!” అని సాష్టాంగపడి లేచాడు గుంటప్ప. ఎన్నో ఏళ్లుగా వాణ్ని జెంటాఫ్, జెంటాఫ్ అని పిలిచి పిలిచి, వాడి అసలు పేరేమిటో వాచస్పతి ఎప్పుడో మరిచిపోయాడు.

పందెం మొదలైంది. గుంటప్ప కూడా పేరిచ్చుకుని, మోకాలిలోతు దాకా దిగి, ఒళ్లు నొప్పులంటూ గట్టెక్కేశాడు. కొండలు దాటొచ్చిన బాతే గెలుస్తుందని అందరి లెక్కా. నేర్చుకున్న కొత్త పలుకుని ఆఖరి ప్రకటనకి దాచుకున్న వాచస్పతి, అప్పటిదాకా తోచినట్టు లాగించాడు.

“కుంటిసా దూసుకుపోతోంది! కుంచెంసా తిప్ప చుట్టి వస్తోంది! కంచంసా అందర్నీ దాటేసింది!”

“నీళ్లలో ఎంతమందున్నార్రా?” అని చెవులయ్య మెడ సాచి చూశాడు.

చారల బాతు అందరికన్నా ముందొచ్చి ఒడ్డు తాకింది. వాచస్పతి రొమ్ము విరిచి, కళ్లు మూసుకుని, మడుగు మారుమోగేలా అరిచాడు.

“విజేత... గుంటప్పా!”

గుంటప్ప ఒక్క గెంతులో ముందుకొచ్చాడు. “మా అమ్మ పెట్టిన పేరు! ఇన్నాళ్లకి సరిగ్గా పలికారు గురువుగారూ!”

ఒడ్డంతా గోలెత్తిపోయింది. “గెలిచింది బాతమ్మ కదా!” అన్నాడు బొచ్చెన్న.

పందెం పెద్ద కూర్మయ్య తాత మెడ బయటికి పెట్టాడు. ఆ ముసలి తాబేలుకి చూపు ఆనదు. “నాకు కనపడదు, వినపడుతుంది. దిబ్బ మీద ఏ పేరు పలికితే ఆ పేరుదే గెలుపు. కొట్టుకు చావకుండా మీరు పెట్టుకున్న కట్టుబాటే ఇది. ఆ మాట వెనక్కి తీసుకోవాలన్నా పలికినవాడే తీసుకోవాలి. ఏం వాచస్పతీ, పొరపాటేమన్నా ఉందా?”

వాచస్పతి ఒడ్డున ఉన్న మొహాలన్నీ ఒకసారి చూశాడు. ఉందంటే, పొద్దుట్నుంచీ పలికినవన్నీ తప్పేనని తేలిపోతుంది. ఈ ఒక్క రోజుతో ఆగుతుందా?

“గాలి... గాలి ఎదురొచ్చింది తాతా.”

“గాలిని అడగలేదురా, నిన్ను అడిగాను.”

వాచస్పతి ముక్కుతో రెక్కలు దువ్వుకోసాగాడు. అతను నోరు విప్పడని గుంటప్పకి తెలుసు; ఆ ధైర్యంతోనే, ఒడ్డున నీళ్లలోకి దిగబోతున్న దున్నపోతు వీపెక్కి దర్జాగా తిప్పకి పోయాడు. దున్న వాణ్ని దింపేసి వెనక్కొచ్చి బురదలో పడుకుంది.

అప్పుడు ఉత్తరం వైపు ఆకాశంలో ఒక నల్లటి గీత కనిపించింది. దగ్గరికొచ్చేకొద్దీ అది బాతుల బారయింది. మడుగు మీద ఒక చుట్టు తిరిగింది, మరో చుట్టు తిరిగింది. కిందికి మాత్రం దిగలేదు.

“దిగరేం?” అన్నాడు చెవులయ్య.

“చోటు దొరికితే నా పేరు వినపడుతుందని చెప్పొచ్చాను,” అంది చారల బాతు. “కొండగాలికి ఎగిరెగిరి నా గొంతు పోయింది, అరిచినా అంత ఎత్తుకి అందదు. వాళ్లు కొండలు దాటి వస్తున్నారు. ఇప్పుడు ముందుకి పోతే కొందరు దారిలోనే రాలిపోతారు.”

వాచస్పతి పైకి చూశాడు. బారులో ఆఖరున ఒక బాతు రెక్క ఈడ్చుకుంటూ, కిందికి జారుతూ, మళ్లీ లేస్తూ ఎగురుతోంది. అతను దిబ్బ దిగి, అందరూ చూస్తుండగా బాతు ముందు నిలబడ్డాడు.

“అమ్మా, నేను పలికిందంతా తప్పు. నాకు తెలియలేదు, అడగలేదు. మీ పేరు చెప్పండి.”

“ఖ్యుంత్సా.”

“కుంత్సా!”

“ముందు ఊపిరి వదలాలి. ఖ్యుం.”

“ఖ్యుం... చా.”

బాతుల బారు దక్షిణానికి తిరిగింది. బొచ్చెన్న పాపం తనూ పళ్లు బిగించి “త్సా, త్సా” అనడం మొదలెట్టాడు.

“నాలుక పళ్లకి తాకించండి,” అంది బాతు. “త్సా.”

వాచస్పతి దిబ్బ మీదికెగిరి ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. “గుంటప్ప మాట వెనక్కి తీసుకుంటున్నా! గెలిచింది ఖ్యుంత్సా! ఖ్యుంత్సా!”

బారు గాల్లోనే విల్లులా వంగి తిరిగింది. బాతులన్నీ కేకలేసుకుంటూ తిప్ప మీద వాలాయి. అక్కడ కాళ్లు చాపుకుని పడుకున్న గుంటప్పకి ఎటు చూసినా ముక్కులే. తోక మీదొకటి పొడిచింది, చెవి పట్టుకుని ఇంకొకటి లాగింది. “దున్నబావా! ఓ దున్నబావా!” అని కేక పెట్టాడు. దున్న కళ్లు కూడా తెరవలేదు. ఈత రానివాడు నీళ్లు తాగుతూ, కక్కుతూ, ఎలాగో ఒడ్డున పడి తుంగలోకి పాకిపోయాడు.

“ఇప్పుడు వినపడింది సరైన పేరు,” అని కూర్మయ్య తాత మెడ లోపలికి తీసుకున్నాడు.

ఎవరి పేరు ఎలా పలకాలో వారికన్నా బాగా తెలిసినవారు ఉండరు. నోరు తెరిచి అడిగితే చాలు.